చీకటి ‘గ్రహించని’ వెలుగు: యోహాను సువార్త 1:5 – ఒక క్రియాపదం అర్థచరిత్ర

వ్యాససంగ్రహం: క్రైస్తవ విశ్వాసంలో దైవస్వరూపాన్ని చెప్పే ప్రధాన ప్రతీకలలో వెలుగు ఒకటి. ఆ ప్రతీకకు ఆధారమైన వాక్యాలలో యోహాను సువార్త 1:5 ముఖ్యమైనది. అందులోని గ్రీకు క్రియాపదానికి ‘అర్థం చేసుకొను’ అనీ, ‘పట్టి లొంగదీయు’ అనీ రెండర్థాలున్నాయి. ఈ రెండర్థాల మధ్య సాగిన వ్యాఖ్యాన, ఆరాధన, అనువాద చరిత్రను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. చీకటి అనే మాటను ఒక స్థితికి కాక ఒక జనసమూహానికి అంటగట్టినప్పుడు మూలార్థం ఎలా మారిందో చర్చిస్తుంది. తెలుగు బైబిలులోని ‘గ్రహించు’ అనే అనువాదపదం ఔచిత్యాన్ని నిరూపిస్తుంది.

కీలకపదాలు: వెలుగు, చీకటి, యోహాను సువార్త, బైబిలు అనువాదం, అగస్టీన్, ఆరాధనక్రమం, గ్రహణం.

1. ఉపోద్ఘాతం

వెలుగును జ్ఞానానికీ, చీకటిని అజ్ఞానానికీ సంకేతంగా చెప్పడం అనేక మతసంప్రదాయాలలో కనిపిస్తుంది. బృహదారణ్యకోపనిషత్తులో సాధకుడు తనను చీకటినుండి వెలుగువైపు నడిపించమని ప్రార్థిస్తాడు. అక్కడ ప్రయాణం చేసేవాడు మనిషి. యోహాను సువార్త ప్రారంభంలో ఈ దిశ మారుతుంది. వెలుగే చీకటిలోకి వచ్చి, అక్కడే ప్రకాశిస్తుంది. దాని ఎదుట చీకటి ఏమి చేయలేకపోయిందో చెప్పడానికి సువార్తికుడు వాడిన క్రియ ‘కతెలాబెన్’. ఈ ఒక్క పదాన్ని ఎలా అర్థం చేసుకోవాలన్నది రెండవ శతాబ్దానంతర వ్యాఖ్యాతలనుండి ఆధునిక అనువాదకుల వరకు చర్చనీయాంశంగానే ఉంది.

ఇది నిఘంటువుకు మాత్రమే పరిమితమైన సమస్య కాదు. చీకటి వెలుగును అర్థం చేసుకోలేదంటే, లోపం చూసేవాడి దృష్టిలో ఉందని భావం. చీకటి వెలుగును జయించలేదంటే, అక్కడ ఒక పోరాటం ఉంది. పోరాటం ఉన్నచోట ఎదిరిపక్షం ఎవరన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్నకు క్రైస్తవ సమాజాలు వేర్వేరు కాలాల్లో ఇచ్చిన సమాధానాలు ఇతర సమాజాల జీవితాలను కూడా ప్రభావితం చేశాయి. అందువల్ల ఈ పదచరిత్ర సామాజిక చరిత్ర కూడా అవుతుంది.

2. హెబ్రీ లేఖనాల నేపథ్యం

యోహాను సువార్త మొదటిమాటలు ఆదికాండం మొదటిమాటలను ఉద్దేశపూర్వకంగా గుర్తుచేస్తాయి. ఆదికాండంలో అగాధజలాలపై చీకటి ఉంటుంది. దేవుని మొదటి పలుకుతో వెలుగు కలుగుతుంది. సూర్యచంద్రులు నాలుగవరోజున గాని ఏర్పడరు. అంటే ఆ తొలివెలుగు ఆకాశగోళాలమీద ఆధారపడినది కాదు. బబులోను మొదలైన పొరుగుదేశాల్లో సూర్యచంద్రులను దేవతలుగా కొలిచే కాలంలో ఈ క్రమానికి ప్రత్యేకమైన అర్థముంది. మరొక విశేషం, ఈ కథనంలో దేవుడు చీకటిని నాశనం చేయడు. వెలుగును దానినుండి వేరుచేసి, దానికి రాత్రి అని పేరు పెడతాడు. ప్రతిదినమూ సాయంకాలంతో మొదలై ఉదయానికి చేరుతుంది. యూదులు నేటికీ దినాన్ని సూర్యాస్తమయంనుండే లెక్కిస్తారు.

యెషయా గ్రంథం తొమ్మిదవ అధ్యాయంలోని చీకటికి నిర్దిష్టమైన భూగోళం ఉంది. క్రీ.పూ. 733–732 ప్రాంతంలో అష్షూరు రాజు మూడవ తిగ్లత్పిలేసెరు ఇశ్రాయేలు ఉత్తరభాగాన్ని ఆక్రమించాడు. జెబూలూను, నఫ్తాలి గోత్రాల భూములు, గలిలయ ప్రాంతం అతని వశమయ్యాయి. ప్రజలు చెరపట్టబడ్డారు. ఆ నేలమీద నడుస్తున్నవారికే గొప్పవెలుగు కనిపించిందని ప్రవక్త ప్రకటిస్తాడు. అక్కడ చీకటి అంటే ఓటమి, చెర, భయం. మత్తయి సువార్త నాలుగవ అధ్యాయం యేసు గలిలయలో బోధ ప్రారంభించిన సందర్భానికి ఈ ప్రవచనాన్నే అన్వయించింది. ఇందులో చీకటిలో ఉన్నవారు బాధితులు, శత్రువులు కారు.

అదే గ్రంథం నలభై ఐదవ అధ్యాయం పారశీక చక్రవర్తి కోరెషును ఉద్దేశించి, వెలుగునూ చీకటినీ కూడా కలిగించేవాడు ఒక్కడే దేవుడని చెబుతుంది. 139వ కీర్తన దేవునికి చీకటీ వెలుగూ ఒకేరీతిగా ఉంటాయంటుంది. నిర్గమకాండం ఇరవయ్యవ అధ్యాయంలో మోషే గాఢాంధకారంలోకి వెళ్లి దేవుని సమీపిస్తాడు. ఈ మూడు సందర్భాలూ కలిసి ఒక విషయాన్ని స్పష్టం చేస్తాయి. హెబ్రీ లేఖనాలలో చీకటి దేవునికి సరిజోడైన ప్రత్యర్థి కాదు.

1947లో మృతసముద్ర తీరాన కుమ్రాన్ గుహలలో బయటపడిన చుట్టలలో ఈ ప్రతీక మరొక రూపంలో కనిపించింది. వాటిలోని యుద్ధగ్రంథం వెలుగుబిడ్డలకూ చీకటిబిడ్డలకూ జరగబోయే అంతిమసమరాన్ని వర్ణిస్తుంది. సమాజనియమాల గ్రంథం మనుషులను నడిపించే రెండు ఆత్మలగురించి చెబుతూనే, ఆ రెంటినీ సృష్టించినవాడు దేవుడేనంటుంది. యోహాను సువార్త వెలుగుబిడ్డలు అనే మాటను స్వీకరించింది గాని, చీకటిబిడ్డలు అనే జంటపదాన్ని ఎక్కడా వాడలేదు.

3. యోహాను సువార్తలో వెలుగు–చీకటి

యోహాను సువార్త మొదటిశతాబ్ది చివరి దశాబ్దాలలో ప్రస్తుతరూపం పొందిందని పండితులలో ఎక్కువమంది అభిప్రాయం. ఈ గ్రంథంలో వెలుగు–చీకటి కథాసన్నివేశాల్లో కూడా కలిసిపోయి ఉంటాయి. నీకొదేము రాత్రివేళ యేసువద్దకు వస్తాడు. యూదా విందునుండి లేచి వెళ్లగానే రాత్రి అయిందని సువార్తికుడు ప్రత్యేకంగా చెబుతాడు. మగ్దలేనే మరియ ఇంకా చీకటి ఉండగానే సమాధివద్దకు వెళుతుంది. రాత్రి వచ్చిన నీకొదేమే చివరకు యేసుదేహాన్ని సమాధి చేయడానికి సుగంధద్రవ్యాలు తెస్తాడు. చీకటిలో ఉన్నవాడు చీకటిలోనే ఉండిపోతాడన్న నిశ్చయం ఈ కథనంలో లేదు.

ఎనిమిదవ అధ్యాయంలో యేసు తాను లోకానికి వెలుగునని చెప్పుకొంటాడు. కథనక్రమాన్ని బట్టి అది పర్ణశాలల పండుగ సందర్భం. యెరూషలేము దేవాలయంలోని స్త్రీల ఆవరణలో ఆ పండుగకు ఎత్తైన బంగారు దీపస్తంభాలు వెలిగించేవారనీ, ఆ కాంతి నగరమంతటా పరచుకొనేదనీ మిష్నా వివరిస్తుంది. ఆ దీపాల నేపథ్యంలోనే ఆ మాట వినేవారికి అర్థమై ఉంటుంది. తొమ్మిదవ అధ్యాయంలో పుట్టుగుడ్డివాడు చూపు పొందుతాడు. తాము చూస్తున్నామని పట్టుబట్టినవారే గుడ్డివారుగా మిగులుతారు. వెలుగువల్ల కలిగే తీర్పు ఈ విధంగా మొదట మతపెద్దలమీదనే పడుతుంది.

‘కతెలాబెన్’ అనేది ‘కతలంబానో’ అనే క్రియకు భూతకాలరూపం. కొత్తనిబంధనలో దీని ప్రయోగాలను పరిశీలిస్తే ఒక క్రమం కనిపిస్తుంది. అపొస్తలుల కార్యములు 4:13, 10:34, ఎఫెసీయులకు 3:18 వంటిచోట్ల ‘గ్రహించు, తెలుసుకొను’ అన్న అర్థం వచ్చినప్పుడు ఆ క్రియ ఆత్మనేపదాన్ని పోలిన రూపంలో ఉంది. మార్కు 9:18లో దయ్యం బాలుణ్ని పట్టడం, 1 థెస్సలొనీకయులకు 5:4లో ప్రభువు దినం దొంగవలె మీదపడడం వంటి సందర్భాలలో కర్తరిరూపం ఉంది. యోహాను 1:5లోనిది కర్తరిరూపమే. ఇదే సువార్త 12:35లో వెలుగుండగానే నడవకపోతే చీకటి మీదపడుతుందని హెచ్చరించేటప్పుడు అదే క్రియ మళ్లీ వచ్చింది. కాబట్టి ‘పట్టి లొంగదీయు’ అనే అర్థానికి గ్రంథాంతర్గత ఆధారం బలంగా ఉంది. అయితే 1:10లో లోకం ఆయనను తెలుసుకోలేదని రావడంవల్ల రెండవ అర్థాన్ని పూర్తిగా తోసివేయడం కూడా సాధ్యం కాదు.

కాలభేదం కూడా గమనింపదగినది. ప్రకాశించడం వర్తమానకాలంలో ఉంది. పట్టుకోలేకపోవడం భూతకాలంలో ఉంది. చీకటి ప్రయత్నం ముగిసిపోయింది, వెలుగు ప్రసరణ కొనసాగుతోంది. చీకటి లేకుండా పోయిందని మాత్రం సువార్తికుడు చెప్పలేదు.

4. వ్యాఖ్యాతల దారులు

మూడవశతాబ్దికి చెందిన అలెగ్జాండ్రియా పండితుడు ఒరిగెన్ తన యోహాను వ్యాఖ్యానంలో ఈ వాక్యాన్ని వెంటాడే దృశ్యంగా వివరించాడు. చీకటి వెలుగును తరుముతుంది గాని అందుకోలేకపోతుంది. దగ్గరకు చేరితే తానే అంతమవుతుంది. నాలుగవశతాబ్ది చివర లాటిన్ బైబిలును సంస్కరించిన జెరోము అనువాదంలో ‘కొంప్రెహెండెరె’ అనే క్రియ నిలిచింది. ఆ లాటిన్ పదానికీ పట్టుకొనడం, అర్థం చేసుకొనడం అనే రెండర్థాలున్నాయి. పాశ్చాత్య వ్యాఖ్యానం క్రమంగా రెండవదానివైపు మొగ్గింది. 1611 నాటి జేమ్స్ రాజు ఆంగ్లానువాదం ఆ మార్గంలోనే సాగింది. ఇరవయ్యవ శతాబ్దిలో వచ్చిన పలు ఆంగ్లానువాదాలు ‘జయించలేదు’ అన్న అర్థానికి మళ్లాయి.

ఈ చరిత్రలో అగస్టీన్ (354–430) స్థానం విశిష్టమైనది. యౌవనంలో సుమారు తొమ్మిదేళ్లపాటు అతడు మానీమతంలో శ్రోతగా ఉన్నాడు. మూడవశతాబ్దిలో మెసొపొటేమియాలో మాని ప్రవర్తింపజేసిన ఆ మతం ప్రకారం వెలుగూ చీకటీ రెండు అనాదితత్త్వాలు. ప్రపంచం ఆ రెంటి యుద్ధభూమి. మనిషిలోని పాపం అతనిలో చేరిన చీకటిపదార్థం పని. అగస్టీన్ తరువాత ఈ సిద్ధాంతాన్ని విడిచిపెట్టి, చెడు ఒక పదార్థం కాదనీ, మంచి కొరవడడమేననీ వాదించాడు. ఈ వాదంలో చీకటికి స్వతంత్రమైన అస్తిత్వం లేదు. దాని ఫలితం నైతికమైనది కూడా. తన తప్పును తనలోని వేరొక తత్త్వంమీదకు నెట్టే వీలు మనిషికి ఉండదు.

యోహాను సువార్తపై చేసిన మొదటి ప్రసంగంలో అగస్టీన్ 1:5ను ఎండలో నిలిచిన గుడ్డివాని ఉపమానంతో వివరించాడు. సూర్యుడు అతని ఎదుటనే ఉంటాడు, అతడే సూర్యునికి దూరంగా ఉంటాడు. ఇక్కడ చీకటి అంటే కలుషితమైన మానవహృదయం. దానికి కావలసినది చికిత్స. ‘అర్థం చేసుకోలేదు’ అనే పాఠం అగస్టీన్ చేతిలో పరనింద కాక ఆత్మపరిశీలన అయింది.

తూర్పుసంప్రదాయం చీకటికి మరొక అర్థాన్ని కూడా కాపాడింది. నాలుగవశతాబ్దికి చెందిన నిస్సా గ్రెగొరీ, మోషే జీవితంపై రాసిన గ్రంథంలో, మొదట వెలుగులో కనిపించిన దేవుడు చివరకు చీకటిలో కలుస్తాడన్నాడు. బుద్ధికి అందని దైవసామీప్యమే ఆ చీకటి. పద్నాలుగవశతాబ్దిలో గ్రెగొరీ పలమాస్, యేసు రూపాంతరం చెందిన కొండమీద శిష్యులు చూసిన కాంతి సృష్టింపబడనిదని వాదించాడు. 1341, 1351లలో కాన్‌స్టాంటినోపుల్‌లో జరిగిన సభలు ఆ వాదాన్ని ఆమోదించాయి. ఆ కాంతిని చూడగలిగినా దేవుని సారాన్ని గ్రహించలేరన్నది పలమాస్ సిద్ధాంతం. దీనిప్రకారం వెలుగులో ఉన్నవారికి కూడా వెలుగు పూర్తిగా పట్టుబడదు.

5. ఆరాధనలో వెలుగు

సిద్ధాంతచర్చలకు దూరంగా ఉన్న సామాన్యవిశ్వాసికి ఈ భావం ఆరాధనక్రమం ద్వారా చేరింది. క్రీ.శ. 150 ప్రాంతంలో జస్టిన్ బాప్తిస్మానికి ‘వెలిగింపు’ అనే పేరు ఉన్నట్లు రాశాడు. నాలుగవశతాబ్ది యెరూషలేములో బాప్తిస్మానికి సిద్ధపడేవారిని ‘వెలిగింపబడుచున్నవారు’ అని పిలిచేవారు. సిరిల్ పేరిట నిలిచిన బోధల ప్రకారం వారు మొదట పడమటి దిక్కుకు తిరిగి సాతానును త్యజించి, తరువాత తూర్పుకు తిరిగేవారు. పడమర చీకటి కనిపించే దిక్కు కనుక ఈ ఏర్పాటు. ముఖ్యమైన సంగతి ఏమంటే, ఆ చీకటిని త్యజిస్తున్నవాడు తన గతజీవితాన్నే త్యజిస్తున్నాడు.

325లో నికయ సభ కుమారుని తండ్రినుండి వెలువడిన వెలుగుగా ప్రకటించింది. దీపంనుండి దీపం వెలిగితే మొదటిది తరగదు. సూర్యునికీ కిరణానికీ మధ్య విభజన లేదు. ఈ పోలికను అథనాసియస్ విస్తృతంగా వాడుకున్నాడు. నాలుగవశతాబ్ది చివర యెరూషలేము యాత్ర చేసిన ఎగేరియా, అక్కడి పునరుత్థాన ఆలయంలో సంధ్యాదీపాలకు నిప్పును బయటినుండి తీసుకురారనీ, ఎప్పుడూ దీపం వెలిగే సమాధిగుహ లోపలినుండే తెస్తారనీ రాసింది. మరణస్థానంనుండి వెలుగు రావడమన్న భావం ఈ ఆచారంలో ప్రత్యక్షంగా కనిపిస్తుంది.

పాశ్చాత్యసంఘంలో పవిత్రవారపు ‘తెనెబ్రే’ ఆరాధనలో సాధారణంగా పదిహేను కొవ్వొత్తులను కీర్తనలు ముగిసినకొద్దీ ఒక్కొక్కటిగా ఆర్పుతారు. చివరి కొవ్వొత్తిని ఆర్పరు. బలిపీఠం వెనుక దాచి, కొంతసేపటికి తిరిగి తెస్తారు. చీకటి వెలుగును పట్టలేదన్న వాక్యానికి ఇది ఆచారరూపమైన వ్యాఖ్యానం. ఈస్టరు జాగరణ చరిత్ర దీనికి భిన్నమైన పాఠం చెబుతుంది. మధ్యయుగంనుండి ఆ ఆరాధన క్రమంగా ముందుకు జరుగుతూ శనివారం ఉదయానికి చేరింది. పట్టపగలు వెలిగించిన కొవ్వొత్తికి అర్థం మిగలలేదు. పన్నెండవ పయస్ పోపు 1951లో దానిని తిరిగి రాత్రివేళకు మార్చాడు. వెలుగుకు అర్థం రావాలంటే చీకటి ఉండాలన్న సంగతిని శతాబ్దాల తరువాత ఆరాధనక్రమం మళ్లీ గుర్తించింది.

6. చీకటికి మనుషుల పేరు పెట్టిన సందర్భాలు

లేఖనంలో ఒక స్థితిగా ఉన్న చీకటిని ఒక జాతిగానో, దేశంగానో చూడడం చరిత్రలో అనేకసార్లు జరిగింది. ఇందులో మొదట బాధితులైనవారు యూదులు. 1230 ప్రాంతంలో స్ట్రాస్‌బర్గ్ ప్రధానాలయం దక్షిణద్వారంవద్ద రెండు స్త్రీమూర్తులను చెక్కారు. కిరీటం ధరించిన స్త్రీ క్రైస్తవసంఘానికి ప్రతీక. కళ్లకు గంతలతో, విరిగిన ఈటెతో తలవంచినది యూదుల సమాజమందిరానికి ప్రతీక. యోహాను తొమ్మిదవ అధ్యాయంలో స్వమతపెద్దల ఆత్మతృప్తిని ప్రశ్నించిన గుడ్డితనం ఇక్కడ పరాయివారి ముద్రగా మారింది. 1965లో రెండవ వాటికన్ సభ వెలువరించిన ‘నోస్త్రా ఎతాతె’ ప్రకటన, యేసు మరణానికి యూదులందరినీ బాధ్యులను చేయడాన్ని తిరస్కరించింది. ఆ పాతముద్రను తొలగించే ప్రయత్నంలో అది ఒక ముఖ్యఘట్టం.

పంతొమ్మిదవశతాబ్ది మిషనరీరచనలలో చీకటి అంటే ఆసియా, ఆఫ్రికా ఖండాలు. తెలుగునేల కూడా ఆ పటంలో ఉంది. నెల్లూరు కేంద్రంగా పనిచేస్తున్న అమెరికన్ బాప్టిస్టు తెలుగు మిషనును ఫలితం లేదని మూసివేయాలన్న ప్రతిపాదన 1853లో ఆల్బనీ సమావేశంలో చర్చకు వచ్చింది. పటంలో ఒకేఒక్క గుర్తుగా ఉన్న ఆ కేంద్రాన్ని ‘ఒంటరి నక్షత్రం’ అన్నారు. శామ్యూల్ ఎఫ్. స్మిత్ ఆ పేరుతో ఒక పద్యం రాశాడు. మిషను నిలిచింది. ఆ నక్షత్రం చుట్టూ ఉన్న చీకటిగా ఊహింపబడినది తెలుగుసమాజం.

ఆ ఊహకు, వాస్తవానికి మధ్య దూరాన్ని ఒంగోలు చరిత్ర చూపుతుంది. 1866లో బాప్తిస్మం పొందిన మాదిగ కులస్థుడు యర్రగుంట్ల పేరయ్య అంతకుముందే రాజయోగబోధలు విని, గురువులను ఆశ్రయించినవాడు. మిషనరీ వచ్చేనాటికే ఆయన వెలుగును వెదుకుతున్నాడు. 1876–78 కరవులో జాన్ ఇ. క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంతభాగాన్ని కాంట్రాక్టుకు తీసుకొని ఆకలిగొన్నవారికి పని కల్పించాడు. అన్నంకోసం మతం మారారన్న మాట రాకూడదని కరవుకాలంలో బాప్తిస్మాలు నిలిపివేశాడు. తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మనదిలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వారిలో అత్యధికులు అంటరానివారుగా వెలివేయబడినవారు. వారి అనుభవంలోని చీకటి, యెషయా చెప్పిన గలిలయ చీకటికి దగ్గరగా ఉంది. అది ఇతరులు వారిపై మోపిన చీకటి. మిషను పటంలోని చీకటికీ, మాదిగపల్లె అనుభవించిన చీకటికీ పేరు ఒకటే అయినా అర్థం ఒకటి కాదు.

ప్రతీకను వెనక్కి తిప్పినవారు కూడా ఉన్నారు. స్టాన్లీ ఆఫ్రికాను చీకటిఖండంగా వర్ణించిన గ్రంథం వెలువడిన 1890లోనే, సాల్వేషన్ ఆర్మీ స్థాపకుడు విలియం బూత్ ఆ పేరును అనుకరిస్తూ ఇంగ్లండులోని పేదరికంపై పుస్తకం ప్రకటించాడు. అడవిని వెదుకుతూ ఆఫ్రికా వెళ్లనక్కరలేదనీ, అది లండను వీధులలోనే ఉందనీ అతని వాదం.

7. తెలుగు బైబిలులో ‘గ్రహించు’

పద్దెనిమిదవశతాబ్ది పూర్వార్ధంలో బెంజమిన్ షుల్జ్ చేసిన తెలుగు బైబిలు అనువాదం అచ్చుకు నోచుకోలేదు. 1805లో విశాఖపట్నం చేరిన లండన్ మిషనరీ సొసైటీ ప్రచారకులు ఈ పనిని మళ్లీ చేపట్టారు. అనేక సంస్కరణల తరువాత ప్రొటెస్టంటు సంఘాలలో విస్తృతంగా చదువబడుతున్న తెలుగు బైబిలులో, యోహాను 1:5లోని క్రియకు ‘గ్రహించు’ అనే పదం వాడారు. 12:35లో అదే గ్రీకుక్రియకు ‘కమ్ముకొను’ అని వాడారు. ఈ రెండు వాక్యాలమధ్య ఉన్న పదసంబంధం తెలుగుపాఠకునికి కనిపించకుండా పోయిందన్న మాట నిజమే.

అయినా ‘గ్రహించు’ అనేది లోపభూయిష్టమైన ఎంపిక కాదు. దీనికి మూలమైన సంస్కృతధాతువు ‘గ్రహ్’కు పట్టుకొనడం అని అర్థం. పాణిగ్రహణంలో చేయి పట్టుకోవడమే ఉంది. నేటి వాడుకలో ‘గ్రహించు’ అంటే ప్రధానంగా తెలుసుకొను అనే స్ఫురించినా, మొదటి అర్థం ‘గ్రహణం’ అనే పదంలో సజీవంగా ఉంది. తెలుగువారు సూర్యునికి గ్రహణం పట్టిందంటారు, కొంతసేపటికి విడిచిందంటారు. పట్టడం, విడవడం రెండూ చూసిన అనుభవం ఆ మాటలో ఉంది. గ్రీకు క్రియలోని రెండర్థాలనూ ఒకే ధాతువులో ఇముడ్చుకోగల ఈ సౌలభ్యం తెలుగుకు సంస్కృతం ద్వారా లభించింది. ‘జయించలేదు’ అని మార్చితే పోరాటార్థం స్పష్టమవుతుంది గాని, అగస్టీన్ చెప్పిన గుడ్డివాని ఉపమానానికి చోటుండదు. ఈ ధాతువును దృష్టిలో ఉంచుకొని చదివితే, యోహాను వాక్యం తెలుగులో చీకటి వెలుగుకు గ్రహణం పట్టించలేకపోయిందన్న భావాన్ని కూడా ఇస్తుంది.

8. ముగింపు

ఈ పరిశీలనవల్ల తేలిన అంశాలు:

1. బైబిలు సంప్రదాయంలో చీకటి దేవునికి సమానమైన ప్రతిశక్తి కాదు. ఈ విషయంలో హెబ్రీ లేఖనాలు, యోహాను సువార్త, అగస్టీన్ వాదం ఏకీభవిస్తున్నాయి.

2. ‘కతెలాబెన్’కు పోరాటార్థమే వ్యాకరణరీత్యా బలమైనది. జ్ఞానార్థం కూడా సందర్భవిరుద్ధం కాదు. రెండర్థాలూ కలిసినప్పుడే వాక్యం సంపూర్ణమవుతుంది.

3. ఆరాధనక్రమంలో విశ్వాసి చీకటిని తనలోనే గుర్తించాడు. చీకటిని ఇతరజాతులలో, ఇతరదేశాలలో గుర్తించినప్పుడు ప్రతీక తన మూలానికి దూరమైంది.

4. తెలుగు బైబిలులోని ‘గ్రహించు’ గ్రీకుపదంలోని ద్వ్యర్థిని నిలుపుకొనగల అనువాదం. తెలుగులో వెలువడే వ్యాఖ్యానాలు ఈ ధాత్వర్థాన్ని పాఠకులకు వివరించడం అవసరం.

యోహాను వాక్యంలో చీకటి జయించలేదన్న హామీ ఉంది. తాము వెలుగులో ఉన్నామని చెప్పుకొనేవారు ఆ వెలుగును నిజంగా గ్రహించారా అన్న ప్రశ్న కూడా అందులోనే ఉంది. హామీని మాత్రమే ఉంచుకొని ప్రశ్నను విడిచిన కాలాలలోనే ఇతరులకు చీకటి అనే పేరు పడింది.